ఒక తాటాకు, రెండు కథలు: హరప్రసాద్ శాస్త్రి నేపాల్ నుంచి తెచ్చిన చిక్కుముళ్లు

పింగళి సూరన 'రాఘవపాండవీయం' పేరు విన్న తెలుగువాళ్లకు ద్వ్యర్థి కావ్యం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. పద్యం ఒక్కటే. ఒక రకంగా విరిస్తే రాముడి కథ, ఇంకో రకంగా విరిస్తే పాండవుల కథ. మనకు అదొక సాముగరిడీ. 'భళా' అనుకుని పుస్తకం మూసేస్తాం. రెండు కథలూ చిన్నప్పటి నుంచి తెలిసినవే కాబట్టి మాటను ఎక్కడ విరవాలో పెద్దగా తడుముకోం.

ఆ రెండు కథల్లో మనకు ఒకటే తెలుసనుకోండి. రెండోది కవి తండ్రి కళ్లముందు జరిగిన యుద్ధం. దాన్ని ఇంత వివరంగా చెప్పే గ్రంథం ఇంకొకటి లేదు. అప్పుడు శ్లేష విరవడం అలంకారశాస్త్రం గడప దాటి చరిత్ర పరిశోధనలోకి వస్తుంది. మాటను ఇక్కడ విరిస్తే ఒక మనిషి రాజద్రోహి, అక్కడ విరిస్తే గతిలేక కత్తి పట్టినవాడు.

12వ శతాబ్దపు బెంగాల్‌లో సంధ్యాకరనంది సంస్కృతంలో రాసిన 'రామచరితం' అలాంటి కావ్యం. 1897లో నేపాల్ దర్బారు గ్రంథాలయంలో దాని తాటాకు ప్రతిని వెలికి తీసినవారు హరప్రసాద్ శాస్త్రి. ఆయన చేతికి చిక్కిన పెద్ద గ్రంథాలన్నీ దాదాపు ఇలాంటివే, పైకి ఒకటి చెబుతూ లోపల ఇంకొకటి దాచుకున్నవి. వాటిని ఆయన ధైర్యంగా చదివారు. కొన్నిసార్లు తప్పుగా చదివారు. ఆ తప్పులు కూడా ఎందుకు విలువైనవో చెప్పడమే ఈ వ్యాసం పని.

శాస్త్రి అనగానే మనకు పేరు చివర వంశపారంపర్యంగా వచ్చే మాట గుర్తుకొస్తుంది. ఈయనకు అది చదువు ఇచ్చిన బిరుదు. 1853 డిసెంబరు 6న హుగ్లీ నది ఒడ్డున నైహాటిలో భట్టాచార్యుల ఇంట పుట్టారు. 1877లో కలకత్తా సంస్కృత కళాశాల నుంచి ఎం.ఏ. పూర్తి చేసినప్పుడు 'శాస్త్రి' బిరుదు దక్కింది. ఇంటిపేరు వెనక్కి వెళ్లి అదే నిలిచిపోయింది. విద్యార్థిగా కొంతకాలం ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఇంట్లోనే ఉన్నారు. బంకించంద్రుడిదీ నైహాటి ప్రాంతమే. కుర్రవాడు రాసిన 'భారత మహిళ' అనే వ్యాసం బంకించంద్రుడి 'బంగదర్శన్' పత్రికలో అచ్చయింది. అంటే సంస్కృతం ఒక చేత్తో, చక్కటి వాడుక బెంగాలీ ఇంకో చేత్తో పట్టుకుని మొదలైన మనిషి. పాండిత్యం ముదిరే కొద్దీ భాష కొయ్యబారిపోయే జబ్బు ఆయనకు అంటలేదు.

ఆయనకు దారి చూపినవారు రాజేంద్రలాల్ మిత్ర. కలకత్తాలోని ప్రాచ్య విద్యల పరిశోధన సంస్థ ఏషియాటిక్ సొసైటీకి 1885లో అధ్యక్షుడైన తొలి భారతీయుడు. నేపాల్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హాడ్జ్‌సన్ పోగుచేసి పంపిన సంస్కృత బౌద్ధ గ్రంథాల కట్టలు సొసైటీలో పడి ఉండేవి. వాటిలో ఏముందో చెప్పే పుస్తకాన్ని మిత్ర 1882లో ప్రచురించారు. పని మధ్యలో ఆయన జబ్బు పడితే కొన్ని పెద్ద గ్రంథాల సారాంశాలను ఇంగ్లిషు చేసిపెట్టినది యువకుడైన శాస్త్రి. 1891లో మిత్ర చనిపోయాక సంస్కృత రాతప్రతుల అన్వేషణ బాధ్యత శాస్త్రి మీద పడింది. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కళాశాల, సంస్కృత కళాశాల ప్రిన్సిపాల్ పదవి, 1921లో ఢాకా విశ్వవిద్యాలయంలో సంస్కృత, బెంగాలీ శాఖ, సొసైటీ అధ్యక్ష పదవి, అన్నీ వరుసగా వచ్చాయి. వాటిని పక్కన పెడదాం. మనకు కావలసింది ఆయన నేపాల్ ప్రయాణాలు.

నేపాలే ఎందుకు?

బెంగాల్ చరిత్ర వెతకాలంటే బెంగాల్‌లో వెతకాలి కదా, కాఠ్మాండూకు ఎందుకు వెళ్లినట్టు?

తాటాకు చిరంజీవి కాదు. తేమ నేల మీద, వరదల మధ్య, పురుగుల నోట్లో దాని ఆయువు కొన్ని తరాలు. పాత ఆకు చివికిపోయే లోపు ఎవరో ఒకరు కొత్త ఆకు మీదికి ఎక్కించాలి. అలా ఎక్కించాలంటే ఆ గ్రంథంతో వాళ్లకు అవసరం ఉండాలి. పూజకో, పాఠానికో, పారాయణకో. 1200 ప్రాంతంలో విక్రమశిల, నాలందా వంటి విహారాలు దెబ్బతిన్నాక తూర్పు మైదానంలో బౌద్ధ గ్రంథాల అవసరం ఉన్నవాళ్లే పలచబడిపోయారు. తగలబెట్టినవి కొన్ని ఉంటే, ఎవరూ తిరగరాయక పోయినవి అంతకు ఎన్నో రెట్లు. మన అమరావతి, నాగార్జునకొండల సంగతీ అంతే. రాళ్లు మిగిలాయి, అక్కడ భిక్షువులు చదివిన ఆకులు మిగల్లేదు.

కాఠ్మాండూ లోయలో పరిస్థితి వేరు. చల్లటి గాలి ఆకును కాపాడింది. మైదానం వదిలి వచ్చిన పండితులు గ్రంథాలు వెంట తెచ్చుకున్నారు. నేవారీ బౌద్ధులు వాటిని చదువుతూ, పూజిస్తూ, తిరగరాస్తూ వచ్చారు. రాజులు గ్రంథాలయంలో దాచారు. కాబట్టి బెంగాల్ మరచిపోయిన తన బాల్యం నేపాల్ రాజుల బీరువాల్లో ఉంది. శాస్త్రి మొదట 1897లో వెళ్లారు. తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లారు. అశ్వఘోషుడి 'సౌందరనందం' కూడా ఈ వెతుకులాటలో దొరికినదే. 1910లో ఆయనే దాన్ని అచ్చు వేయించారు.

మాంసం తిన్నవాడా, వాటా తిన్నవాడా

'రామచరితం' చెప్పే రెండో కథ ఇది. బెంగాల్‌ను ఏలిన పాలవంశపు రాజు మూడో విగ్రహపాలుడికి ముగ్గురు కొడుకులు: మహీపాలుడు, శూరపాలుడు, రామపాలుడు. పెద్దవాడు గద్దెనెక్కి తమ్ములిద్దరినీ చెరసాలలో పెట్టాడు. సామంతులు ఏకమై తిరగబడ్డారు. యుద్ధంలో మహీపాలుడు చనిపోయాడు. పాలుల సొంతగడ్డ అయిన ఉత్తర బెంగాల్, అంటే వరేంద్రి, దివ్యుడనే కైవర్తుడి చేతికి వెళ్లింది. కైవర్తులంటే చేపల వేట, పడవలు, సేద్యం మీద బతికే జనం. దివ్యుడి తర్వాత తమ్ముడు రుదోకుడు, అతని తర్వాత కొడుకు భీముడు ఏలారు. రామపాలుడు సామంతుల గుమ్మాలన్నీ ఎక్కి దిగి, భూములూ ధనమూ పంచి, మేనమామ మథనుడి అండతో సైన్యం కూర్చి, గంగ దాటి భీముణ్ణి ఓడించి వరేంద్రిని తిరిగి తీసుకున్నాడు.

దీన్ని రామాయణంలో ఇరికించడం ఎలా? రామపాలుడు రాముడు. పోయిన నేల సీత. ఎత్తుకుపోయినవాడు రావణుడు. సంధ్యాకరనంది తనను తాను 'కలికాల వాల్మీకి' అని చెప్పుకున్నాడు. అతిశయం ఉన్నా ఆ మాటకు తగిన పనితనమూ ఉంది. మొదటి పరిచ్ఛేదంలో అపహరణ ఘట్టం చెప్పే శ్లోకం నుంచి నాలుగు మాటలు తీసి చూద్దాం.

మొదటిది 'జనకభూ'. రాముడి వైపు చదివితే జనకుడి బిడ్డ, సీత. పాలుల వైపు చదివితే జనకుడి భూమి, అంటే తండ్రి నేల, పితృభూమి. రెండు వైపులా 'పోయింది' అన్న క్రియ ఒక్కటే. ఇంత పొందిక ఊరికే కుదరదు.

రెండోది 'మాంసభుజ్'. రాముడి వైపు మాంసం తినేవాడు, రాక్షసుడు. పాలుల వైపు, కావ్యంతో పాటే దొరికిన పాత సంస్కృత వ్యాఖ్యానం రాసిన వ్యాఖ్యాత ఈ మాటను మధ్యలో చీలుస్తాడు: మా అంటే లక్ష్మి, దానికి అంశ చేర్చితే 'సిరిలో వాటా అనుభవించినవాడు'. అంటే రాజు కొలువులో తిన్న సేవకుడు. (మాంసలో ఉన్నది 'స' కదా, అంశలో 'శ' కదా అని మన పండితులు ముక్కు విరవవచ్చు. బెంగాలీ నోట ఆ రెండింటికీ తేడా లేదు, అందుకే కాబోలు కవికి పట్టింపు లేకపోయింది.)

మూడోది 'ఉచ్చైర్దశక'. అటు దశకం పది తలలు. ఇటు దశ అంటే స్థితి, ఉన్నత దశకు చేరినవాడు.

ఈ రెండో, మూడో మాటలతోనే ఒక చారిత్రక సమాచారం బయటపడింది. దివ్యుడు ఎక్కడి నుంచో ఊడిపడిన తిరుగుబాటుదారు కాదు, పాలరాజుల కొలువులో పెద్ద హోదా చూసిన అధికారి. పై చూపుకు రావణుడి వర్ణన. ఒక్క సంధి విరుపులో మనకు దివ్యుడి ఉద్యోగం తెలిసింది.

నాలుగో మాట అసలు చిక్కు. 'ఉపధివ్రతి'. ఉపధి అంటే మోసం, ముసుగు. రావణుడు సన్యాసి వేషంలో వచ్చాడు కాబట్టి అటువైపు తిరుగులేదు. దివ్యుడి వైపు ఏమిటి? వ్రతం అంటే తప్పనిసరి కర్తవ్యంగా తలపెట్టిన పని అని, అది అతనికి ముసుగు అని వ్యాఖ్యాత అంటాడు. అంటే ఏ కర్తవ్యం ముసుగు వేసుకున్నాడు? రాజును కాపాడతానంటూ వచ్చి నేల కాజేశాడా? చెడ్డ రాజును దించడం తన ధర్మం అన్నాడా, దాన్ని గెలిచినవాళ్ల కవి ముసుగు అన్నాడా? అదే శ్లోకంలో దివ్యుణ్ణి 'దస్యువు' అని కూడా అన్నాడు కవి. ఆ మాటకు దొంగ అన్న అర్థం పెట్టకుండా 'శత్రువు' అని మెత్తబరిచాడు వ్యాఖ్యాత. ఆ కాలంలోనే ఎవరికో ఆ మాట ఘాటుగా అనిపించిందన్నమాట.

ఒక్క విషయం మరవకూడదు. సంధ్యాకరనంది తండ్రి ప్రజాపతినంది రామపాలుడి సాంధివిగ్రహికుడు, యుద్ధం సంధి వ్యవహారాలు చూసే మంత్రి. కావ్యం పూర్తయింది రామపాలుడి కొడుకు మదనపాలుడి కాలంలో. అంటే ఈ సాక్ష్యం గెలిచినవాళ్ల కచేరీలోంచి వచ్చింది. అయినా కవిలో నిజాయితీ పూర్తిగా చావలేదు. భీముడి మంచితనాన్ని, అతని ఏలుబడిని మెచ్చుకుంటూ కొన్ని శ్లోకాలు రాశాడు. భీముడి సైన్యంలో దున్నపోతులెక్కి పోరాడినవాళ్లున్నారనీ రాశాడు. ఎగతాళికే రాసి ఉండొచ్చు. కానీ గుర్రాలు కొనే స్తోమత లేనివాళ్లు, పొలంలో ఉన్న పశువునే తోలుకుని యుద్ధానికి వచ్చారన్న సంగతి ఆ ఎగతాళిలోంచే తొంగి చూస్తుంది.

1910లో ఏషియాటిక్ సొసైటీ ప్రచురణగా శాస్త్రి ఈ కావ్యాన్ని అచ్చు వేశారు. మహీపాలుడి పీడన భరించలేక కైవర్తులు తిరగబడ్డారని ఆయన చదివారు. కావ్యంలో మహీపాలుణ్ణి 'అనీతికారంభరతుడు' అన్నారు. నీతి తప్పిన పనులకు పూనుకునేవాడు. ఆయన ఊహకు ఊతం అదే. ఢాకాలో ఆయనతో పనిచేసిన రమేశ్‌చంద్ర మజుందార్ దీన్ని ఒప్పుకోలేదు. సంస్కృతంలో 'నీతి' అంటే రాజనీతి కూడా కదా, 'అనీతి' అంటే వ్యూహం తెలియని తొందరపాటు పని అని మాత్రమే అర్థం, ప్రజాపీడన అని ఎక్కడుంది? రాజు తలపడింది 'మిలితానంతసామంతచక్రం'తో, అంటే ఏకమైన సామంతుల కూటమితో అని వ్యాఖ్యానం చెబుతోంటే కైవర్త ప్రజల తిరుగుబాటు ఎక్కడిది? ఇది ఆయన వాదన. తర్వాతి తరంలో రామశరణ్ శర్మ వంటి చరిత్రకారులు ఆ దున్నపోతుల సైన్యాన్ని చూపి ఇది రైతుల తిరుగుబాటే అన్నారు. ఈలోగా కైవర్త, మాహిష్య కుల సంఘాలు దివ్యుణ్ణి తమ వీరుడిగా నిలబెట్టుకున్నాయి. బంగ్లాదేశ్‌లోని నవగావ్ జిల్లాలో దిబర్ దీఘీ అనే చెరువు మధ్య ఇప్పటికీ ఒక రాతి స్తంభం నిలబడి ఉంది. దివ్యుడి విజయస్తంభం అంటారు. ఒక విశేషణాన్ని ఎలా విడదీయాలన్న తగవు కాగితం దాటి కులాభిమానం దాకా ఎలా వెళ్లిందో చూడండి.

నా మట్టుకు మజుందార్ వ్యాకరణం గట్టిది, శాస్త్రి ఊహ సజీవమైనది అనిపిస్తుంది. సామంతులు మొదలుపెట్టిన గొడవలో పేదలు చేరడం, చివరికి గొడవే వాళ్లది కావడం చరిత్రలో వింతేమీ కాదు.

ఇంతకీ ఈ వాదనలన్నీ నడవడానికి ఆధారం మూలశ్లోకాలు ఒక్కటే అయితే ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. రామపాలుడికి సాయం వచ్చిన సామంతుల పేర్లను కవి శ్లేషలో నలిపేశాడు. మగధ భీమయశుడు, దండభుక్తి జయసింహుడు అంటూ ఊరూ పేరూ విప్పి చెప్పింది వ్యాఖ్యానమే. ఆ వ్యాఖ్యానం నాలుగు పరిచ్ఛేదాల కావ్యంలో రెండో పరిచ్ఛేదం 35వ శ్లోకం దగ్గర తెగిపోయింది. మిగతా ఆకులు దొరకలేదు. అక్కడి నుంచి చరిత్రకారుడు చీకట్లో నడిచే మనిషే. చేతిలో రామాయణం అనే కర్ర ఒక్కటే మిగిలింది. రాముడి వైపు ఏం జరిగిందో తెలుసు కాబట్టి దానికి జోడుగా పాలుల వైపు ఏం జరిగి ఉంటుందో తడిమి చూడటం. ముసలి రామపాలుడు మేనమామ మథనుడి మరణవార్త విని ముంగేర్ దగ్గర గంగలో దిగి ప్రాణం వదిలాడని కావ్యం చెబుతుంది. అటువైపు రాముడు సరయువులో దిగాడని మనకు తెలుసు. మరి గంగలో దిగడం జరిగిన విషయమా, సరయువుకు జోడుగా కవి కల్పించినదా? శ్లేష కావ్యాన్ని చరిత్రకు వాడుకుంటే ఈ ముల్లు ఎప్పుడూ గుచ్చుకుంటూనే ఉంటుంది.

నలుగురు మనవలు, ఒక తాత

1907 నాటి ప్రయాణంలో దొరికినది ఇంకా పెద్ద తగవు తెచ్చింది. బౌద్ధ సిద్ధులు పాడుకున్న పాటలు, వాటికి మునిదత్తుడి సంస్కృత టీక. మొత్తం 50 పాటలు ఉండాలి. మధ్యలో ఆకులు పోవడంతో 24, 25, 48 పూర్తిగా, 23వది కొంత పోయాయి. చేతికి చిక్కినవి నలభై ఆరున్నర. (పోయిన వాటిలో ఏముందో తర్వాత ప్రబోధ్‌చంద్ర బాగ్చీ టిబెటన్ అనువాదం వెతికి పట్టుకోవడంతో తెలిసింది.) ఇవే చర్యాపదాలు. శాస్త్రి వీటిని సరహుడు, కాణ్హుడు అనే సిద్ధుల దోహాలు (రెండు పాదాల పద్యాలు), 'డాకార్ణవం' అనే మరో గ్రంథంతో కలిపి 1916లో బంగీయ సాహిత్య పరిషత్తు ద్వారా ప్రచురించారు. పేరు చూస్తేనే ఆయన పట్టుదల తెలుస్తుంది: 'వెయ్యేళ్ల నాటి పాత బెంగాలీ భాషలో బౌద్ధ గానాలు, దోహాలు'.

పాటలు ఎలా ఉంటాయి? మొదటిదే చూడండి, లుయీపాదుడిది: 'కాఆ తరువర పంచ వి డాల'. కాయమే తరువు, దానికి ఐదు కొమ్మలు. సంస్కృతం కొద్దిగా తెలిసిన తెలుగువాడికి ఇంతవరకూ సుఖంగానే ఉంటుంది. ఇంకొకటి: 'హాడీత భాత నాహి నితి ఆవేశీ'. కుండలో మెతుకు లేదు, రోజూ ఇంటికి వచ్చేవాళ్లు మాత్రం తప్పరు. వెయ్యేళ్ల కిందటి ఇల్లాలి గోడు అనిపిస్తుంది. కాణ్హుడి పాట ఒకటి ఊరి బయట గుడిసెలో ఉన్న డోంబిని, అంటే అంటరానిదిగా చూసిన డోము కులపు ఆడదాన్ని, పలకరిస్తుంది: 'నగర బాహిరి రే డోంబి తోహోరి కుడిఆ'. బోడిగుండు బ్రాహ్మడు నిన్ను తాకుతూ తాకుతూ పోతున్నాడట అని తర్వాతి చరణం. అంటరానిది అన్నవాడే అంటుకుంటున్నాడని పైకి ఎత్తిపొడుపు. లోపల ఆ డోంబి నైరాత్మ్య దేవి, 'ఆత్మ లేదు' అన్న బౌద్ధ భావానికి దేవతారూపం, అంటాడు టీకాకారుడు.

మరొకచోట 'రుఖేర తెంతలి కుంభీరే ఖాఅ'. చెట్టు చింతకాయను మొసలి తింటోంది. మొసలికి చింతకాయతో పనేమిటి? ఇక్కడ చెట్టు శరీరం, కుంభీరం (మొసలి) అంటే కుంభకం, ఊపిరి బిగబట్టడం. తోలుతిత్తి అంటే ఒళ్లని తెలిసి తత్వాలు పాడుకునే మన ఊళ్లవాళ్లకు ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. శాస్త్రి దీన్ని 'సంధ్యా భాష' అన్నారు. కొంత వెలుగు, కొంత చీకటి, కొంత అర్థమవుతుంది, కొంత కాదు. అందమైన వివరణ. 1928లో విధుశేఖర శాస్త్రి దాన్ని కాదన్నారు. సరైన రూపం 'సంధా' అని, దానికి అభిప్రాయం, ఉద్దేశం అని అర్థమని, ఈ వాడుక పాత బౌద్ధ గ్రంథాల్లోనే ఉందని చూపారు. ఆ లెక్కన ఇది మసకబారిన మాట కాదు, తెలిసి గురిపెట్టిన మాట. అయినా జనం నోట సంధ్య అన్న మాటే నిలిచిపోయింది. అందమైన పొరపాటును దించడం కష్టం.

భాష సంగతికి వద్దాం. 'రుఖేర'లో చివరి 'ఏర' నేటి బెంగాలీ షష్ఠీ విభక్తి. 'హాడీత'లో చివరి 'త' నేటి అస్సామీ సప్తమి. చింతపండును బెంగాలీలో తెంతుల్ అంటారు, ఒడియాలో తెంతుళి, అస్సామీలో తెతెలి. ఎవరికి వారు ఈ పాటల్లో తమ నుడి చూసుకోవచ్చు. అలాగే చూసుకున్నారు. ఒడియావారు, అస్సామీవారు, మైథిలివారు వరుసలో నిలబడ్డారు. రాహుల్ సాంకృత్యాయన్ ఈ సిద్ధుల్లో పాత హిందీ చూశారు. బెంగాలీ పక్షాన తరచూ వినిపించే ఆధారం ఒకటుంది. భుసుకు అనే కవి ఒక పాటలో 'ఆజి భుసుకు బంగాలీ భఇలీ' అంటాడు, భుసుకూ, నువ్వు నేడు బంగాలీవి అయ్యావు అని. సరే, నేడు అయ్యాడంటే నిన్నటి దాకా కానట్టే కదా!

ఈ చిక్కును శాస్త్రీయంగా విప్పింది సునీతికుమార్ చటర్జీ. 1926లో వచ్చిన ఆయన బెంగాలీ భాషా చరిత్ర గ్రంథం శాస్త్రి పుస్తకాన్ని రెండుగా చీల్చింది. చర్యాపదాల వ్యాకరణం పాత బెంగాలీదే. సరహుడి, కాణ్హుడి దోహాలు మాత్రం బెంగాలీ కావు, అవి పశ్చిమాన పుట్టి ఉత్తరాది అంతటా కవిత్వానికి వాడుకైన అపభ్రంశం, అంటే ప్రాకృతాలకూ నేటి భాషలకూ నడుమ నడిచిన నుడి. అంటే 1916 నాటి పేరు సగం నిజం, సగం తొందర. మొదటి సగాన్నీ ఇప్పటి భాషావేత్తలు జాగ్రత్తగానే వాడతారు. వెయ్యేళ్ల కిందట ఈ తూర్పు భాషలు ఇంకా పూర్తిగా విడిపడలేదు. పాత ఫొటోలో తాతను చూసి నలుగురు మనవలూ 'ముక్కు నాదే' అంటే ఒక్కరూ అబద్ధమాడినట్టు కాదు. 2014లో ఒడియాకు, 2024లో బెంగాలీకి, అస్సామీకి ప్రాచీన భాష హోదా దక్కింది. ఆ భాషలు తమ పాతదనం చెప్పుకునే ప్రతిసారీ చర్యాపదాలు కదలక మానవు.

మనం నవ్వుకోనక్కర్లేదు. దాదాపు అదే కాలంలో మానవల్లి రామకృష్ణకవి తంజావూరులో నన్నెచోడుడి 'కుమారసంభవం' వెలికి తీసి 1909లో ప్రచురించి, ఈ కవి నన్నయ కంటే ముందువాడని ప్రకటించారు. దాని మీద మన పండితులు తరాలపాటు కొట్టుకున్నారు. ప్రతి దొరికినవాడి కంటికి అది ఉన్నదానికంటే కాస్త పాతదిగా కనిపించడం ఈ వృత్తిలో ఉన్నదే.

శాస్త్రి పూర్తిగా తప్పటడుగు వేశారని చాలామంది అనుకునే చోటు ఒకటుంది. పశ్చిమ బెంగాల్ రాఢ ప్రాంతంలో ధర్మఠాకూర్ అనే గ్రామదేవతను తాబేలు ఆకారపు రాయి రూపంలో కొలుస్తారు. పూజారులు చాలాచోట్ల డోములు. ఇది బుద్ధ, ధర్మ, సంఘాల్లోని ధర్మమేనని, తాబేలు రాయి స్తూపానికి ఛాయ అని, బౌద్ధం బెంగాల్‌లో చావకుండా పల్లెల్లో వేషం మార్చుకుని బతికే ఉందని 1897లో ఆయన ప్రకటించారు. తర్వాతివాళ్లు ఆ దేవుడిలో సూర్యారాధన, స్థానిక తెగల నమ్మకాలు ఎక్కువని తేల్చారు. అయితే పెద్ద పండితుడొకరు డోముల గుడి ముందు నిలబడి అక్కడ చరిత్ర ఉందనడం ఆ రోజుల్లో అదే మొదటిసారి వంటిది. దేవుడి చిరునామా తప్పు రాశారేమో కానీ వీధి సరైనదే.

ఇన్నిసార్లు ఆయన్ను కాదనడం ఎలా వీలైంది? మజుందార్ ఆయన్ను ఖండించింది ఆయన అచ్చు వేసిన వ్యాఖ్యానంతోనే. చటర్జీ దోహాలను విడదీసింది ఆయన ముద్రించిన పాఠంతోనే. మునిదత్తుడి టీక పక్కనే లేకపోతే విధుశేఖర శాస్త్రికి వాదనే లేదు. దొరికిన ఆకును చేతిలో దాచుకుని తన తీర్పు మాత్రం లోకానికి చెప్పే పండితులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఈయన తీర్పూ ఇచ్చారు, సాక్ష్యాన్నీ బల్ల మీద పెట్టారు.

ఆయన చదవకుండా వదిలిన సాక్ష్యం కూడా ఒకటి ఉంది. కేంబ్రిడ్జి పండితుడు సెసిల్ బెండాల్‌తో కలిసి చేసిన నేపాల్ ప్రయాణంలో గుప్తుల నాటి పోలికలున్న లిపిలో ఒక స్కాందపురాణం ప్రతి కంటపడింది. మనకు స్కాందం అంటే ఖండాలు. శ్రీనాథుడి కాశీఖండం ఆ పురాణంలోని ఖండానికే తెలుగు. దర్బారు గ్రంథాలయంలోని ఎంపిక చేసిన ప్రతుల సూచీని శాస్త్రి 1905లో ప్రచురించినప్పుడు ఈ ప్రతీ అందులో చేరింది. 1931 నవంబరు 17న ఆయన చనిపోయేనాటికి దాన్ని పూర్తిగా చదివినవాళ్లు లేరు. 1988లో కృష్ణప్రసాద్ భట్టరాయ్ కాఠ్మాండూలో దాన్ని అచ్చు వేశాక, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు అక్షరం అక్షరం పట్టుకుని కూర్చున్నారు. ఆ ప్రతి క్రీ.శ. 810లో రాసినదని తేలింది. అందులో కాశి గురించి అధ్యాయాలున్నాయి. శ్రీనాథుడు తెనిగించిన కాశీఖండం మాత్రం లేదు.